మన కథలతో ఇంగ్లీషు వ్యాకరణం



బదిలీ ఉత్తర్వు పాఠ్యప్రణాళిక చూసుకుని రాదు. పాత బడిలో ఇంగ్లీషు టీచరు అప్పుడే టెన్సెస్ మొదలుపెట్టి ఉంటారు. సామాను సర్దుకుని, రైలెక్కి, కొత్త బడిలో చేరేసరికి అక్కడ ఆ పాఠం అయిపోయి ప్యాసివ్ వాయిస్ నడుస్తూ ఉంటుంది. పుస్తకం ఒకటే, సిలబస్ ఒకటే. అయినా ఒక్కో బడి ఒక్కో వేగంతో నడుస్తుంది. మధ్యలో జారిపోయిన పాఠాన్ని మళ్లీ అడగడానికి కొత్త క్లాసులో మొహమాటం. ఇలా రెండు మూడు బదిలీలు అయ్యాక ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదో తరగతిలోనో మార్కులు తగ్గితే, "వీడికి ఇంగ్లీషు గ్రామర్ రాదు" అనే మాట పడుతుంది. ఆ మాటను ఆ పిల్లవాడే ముందుగా నమ్మేస్తాడు. నిజానికి వాడికి అందనివి కొన్ని పాఠాలు మాత్రమే.

మీలాంటి పిల్లలకు పాఠాలు చెప్పే మేమూ ఊళ్లు మారుతూనే ఉంటాం. ఏ ఊళ్లో చూసినా ఈ ఇబ్బంది ఒక్కటే. దీనికి మాకు కనిపించిన మంచి ఉపాయం ఒకటి ఇక్కడ చెబుతాం. ఏ బడి వేగంతోనూ సంబంధం లేకుండా, మీతోపాటు ఊరూరా ప్రయాణం చేసే వ్యాకరణ పుస్తకాన్ని మీరే తయారుచేసుకోవచ్చు. దానికి కావలసినవి మీ జీవితంలో జరిగిన చిన్న చిన్న సంగతులు, ఒక నోటుబుక్కు, ఇంట్లో మాట్లాడే తెలుగు.

కథ, సూత్రం

మనం తెలుగు ఎలా నేర్చుకున్నాం? ప్రథమా విభక్తి, ద్వితీయా విభక్తి అని వల్లించాక మాట్లాడడం మొదలుపెట్టలేదు. అమ్మ చెప్పిన కబుర్లు, తాతయ్య చెప్పిన కథలు వింటూ మాట్లాడాం. సూత్రాలు బడికి వెళ్లాక తెలిశాయి. అప్పటికే నోట్లో ఉన్న భాషకు అవి పేర్లు పెట్టాయి.

బాలవ్యాకరణం రాసిన పరవస్తు చిన్నయసూరి పేరు మీరు వినే ఉంటారు. తెలుగు వ్యాకరణం అనగానే పెద్దలు చెప్పే పేరు అది. ఆయనే పంచతంత్ర కథలను తీసుకుని నీతిచంద్రిక కూడా రాశారు. అది 1853లో వచ్చింది. ఒకే చేయి సూత్రాలనూ రాసింది, కథలనూ రాసింది.

అయితే ఆ కథల భాష ఇంట్లో మాట్లాడుకునే భాష కాదు. 20వ శతాబ్దం మొదట్లో జె. ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి విశాఖపట్నం ప్రాంతంలో బడుల ఇన్‌స్పెక్టరుగా ఉండేవారు. ఆయన తెలుగు నేర్చుకుంటూ, పుస్తకాల్లో ఉన్న తెలుగు ఒకలాగా, జనం మాట్లాడే తెలుగు మరొకలాగా ఉందేమిటని ఆశ్చర్యపోయారు. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తి పంతులుగారిని ఆలోచింపజేసింది. వాడుక భాషలోనే చదువు చెప్పాలని పంతులుగారు జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు అందాలని ఆయన సవర భాష నేర్చుకుని పుస్తకాలు కూడా తయారుచేశారు.

ఈ ఇద్దరి పని నుంచి మనకు రెండు సంగతులు తెలుస్తాయి. సూత్రం కథతో కలిసి ఉండాలి. ఆ కథ మనం బతికే భాషలో ఉండాలి. ఇంగ్లీషుకూ ఇదే వర్తిస్తుంది.

ముందుగా ఒక కథ

ఈ కథ మీలో ఎవరిదైనా కావచ్చు. ముందు తెలుగులో చదవండి.

"పోయిన జూన్‌లో మా క్వార్టర్‌కు ఒక లారీ వచ్చింది. ఆ లారీ గంట ఆలస్యంగా వచ్చింది. అప్పటికి మేం జోధ్‌పూర్‌లో ఉండబట్టి మూడేళ్లయింది. లారీ వచ్చేసరికే నాన్న సామానంతా సర్దేశారు. కానీ నా పాత సైకిలుకు చోటు లేకపోయింది. పక్కింట్లో ఉండే అబ్బాయి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. సైకిలు వాడికి ఇచ్చేశాను. జాగ్రత్తగా చూసుకుంటానన్నాడు. రాత్రి రైల్లో నాకు ఆ పాత సైకిలే గుర్తుకొచ్చింది. ఇప్పుడు మేం విశాఖపట్నంలో ఉంటున్నాం, నేను బడికి నడిచి వెళ్తున్నాను."

ఇప్పుడు ఇదే కథ ఇంగ్లీషులో. ఇంగ్లీషు వాక్యాలను కూడా తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. మీరు వీటిని పైకి చదివి, మీ నోటుబుక్కులో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకోండి. స్పెల్లింగులకు అదే మొదటి అభ్యాసం.

1. లాస్ట్ జూన్, ఎ ట్రక్ కేమ్ టు అవర్ క్వార్టర్.
2. ద ట్రక్ వాజ్ ఆన్ అవర్ లేట్.
3. వీ హ్యాడ్ లివ్డ్ ఇన్ జోధ్‌పూర్ ఫర్ త్రీ ఇయర్స్.
4. మై ఫాదర్ హ్యాడ్ ప్యాక్డ్ ఎవ్రీథింగ్ బిఫోర్ ద ట్రక్ కేమ్.
5. బట్ దేర్ వాజ్ నో రూమ్ ఫర్ మై ఓల్డ్ సైకిల్.
6. ద బాయ్ హూ లివ్డ్ నెక్స్ట్ డోర్ వాజ్ స్టాండింగ్ ఎట్ ద గేట్.
7. ఐ గేవ్ హిమ్ ద సైకిల్.
8. హీ సెడ్, "ఐ విల్ టేక్ కేర్ ఆఫ్ ఇట్."
9. ఎట్ నైట్, ఆన్ ద ట్రైన్, ఐ థాట్ ఆఫ్ ది ఓల్డ్ సైకిల్.
10. నౌ వీ లివ్ ఇన్ విశాఖపట్నం, అండ్ ఐ వాక్ టు స్కూల్.

పదే వాక్యాలు. వీటిలో ఎంత వ్యాకరణం ఉందో ఒక్కొక్కటిగా తీసి చూద్దాం.

ఒక లారీ, ఆ లారీ

మొదటి వాక్యంలో 'ఎ ట్రక్', రెండో వాక్యంలో 'ద ట్రక్'. ఎందుకు మారింది? తెలుగు కథ ఎలా మొదలవుతుందో గుర్తుచేసుకోండి. 'ఒక ఊరు ఉంది' అంటాం. వెంటనే 'ఆ ఊళ్లో' అంటాం. మొదటిసారి చెప్పినప్పుడు 'ఒక', వినేవాళ్లకు తెలిసిపోయాక 'ఆ'. ఇంగ్లీషులో 'ఎ', 'ద' చేసే పని చాలావరకు ఇదే.

మరి మనకు తప్పు ఎక్కడ వస్తుంది? తెలుగులో 'ఒక', 'ఆ' లేకపోయినా వాక్యం బాగానే నిలుస్తుంది. 'లారీ వచ్చింది' అంటే చాలు. అందుకని ఇంగ్లీషులో కూడా 'ట్రక్ కేమ్' అనేస్తాం. అక్కడ మాత్రం ఏదో ఒకటి ఉండి తీరాలి. వినేవాళ్లకు అది ఏ లారీయో ముందే తెలుసా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. తెలియకపోతే 'ఎ', తెలిస్తే 'ద'.

అచ్చు ముందు 'ఆన్'

రెండో వాక్యంలో 'ఎ అవర్' అనకుండా 'ఆన్ అవర్' అన్నాం. ఆ మాటను ఇంగ్లీషులో రాస్తే మొదటి అక్షరం 'హెచ్'. అది హల్లే కదా అని సందేహం వస్తుంది. ఇక్కడ మన లిపి మనకు సాయం చేస్తుంది. ఆ మాటను తెలుగులో రాయండి. 'అవర్' అని 'అ'తో మొదలైంది. తెలుగులో రాసినప్పుడు అచ్చుతో మొదలైతే 'ఆన్', హల్లుతో మొదలైతే 'ఎ'. ఎందుకంటే ఈ నియమం స్పెల్లింగును పట్టించుకోదు, చెవికి వినిపించే ధ్వనిని చూస్తుంది. తెలుగు లిపి ఆ ధ్వనినే రాస్తుంది.

'యూనిఫామ్' ఇంగ్లీషులో అచ్చు అక్షరంతో మొదలవుతుంది. తెలుగులో రాస్తే ముందున్నది 'య'. కాబట్టి 'ఎ యూనిఫామ్'. 'వన్ రూపీ కాయిన్' 'వ'తో మొదలైంది కాబట్టి 'ఎ వన్ రూపీ కాయిన్'. 'ఎన్‌సీసీ క్యాడెట్' 'ఎ' అనే అచ్చుతో మొదలైంది కాబట్టి 'ఆన్ ఎన్‌సీసీ క్యాడెట్'. అలాగే 'ఆన్ ఎయిర్ ఫోర్స్ స్టేషన్'. ఒక్క జాగ్రత్త: ఎమ్మెల్యే అనే మాటను కొందరు 'యెమ్మెల్యే' అని పలుకుతారు. ఆ 'య' మన నాలుక అలవాటు మాత్రమే. ఇంగ్లీషులో అది 'ఆన్ ఎమ్మెల్యే'నే.

తొమ్మిదో వాక్యంలో 'ద' కాస్తా 'ది' అయింది, గమనించారా? స్పెల్లింగు అదే. 'ఓల్డ్' అచ్చుతో మొదలైంది కాబట్టి దాని ముందు 'ది' అని పలుకుతాం.

ఉన్నారా, వచ్చేశారా?

బదిలీల మీద తిరిగే పిల్లలకు టెన్సెస్ అందరికంటే బాగా అర్థం కావాలి. ఎందుకంటే మీ జీవితంలో 'అప్పుడు', 'ఇప్పుడు' అనే రెండూ చాలా స్పష్టంగా ఉంటాయి. ఈ మూడు వాక్యాలు చూడండి.

వీ హావ్ లివ్డ్ ఇన్ జోధ్‌పూర్ ఫర్ త్రీ ఇయర్స్.
వీ లివ్డ్ ఇన్ జోధ్‌పూర్ ఫర్ త్రీ ఇయర్స్.
వీ హ్యాడ్ లివ్డ్ ఇన్ జోధ్‌పూర్ ఫర్ త్రీ ఇయర్స్ వెన్ ద ట్రక్ కేమ్.

మొదటిది చెప్పేవాళ్లు ఇంకా జోధ్‌పూర్‌లోనే ఉన్నారు. రెండోది చెప్పేవాళ్లు అక్కడినుంచి వచ్చేశారు. మూడోది గతంలో ఒక రోజు దగ్గర నిలబడి, ఆ రోజుకు ముందు గడిచిన కాలాన్ని చెబుతోంది. మన కథలో ఆ రోజు లారీ వచ్చిన రోజు. 'హావ్', 'హ్యాడ్' అనే చిన్న మాటల తేడాతో సామాను సర్దారో లేదో తెలిసిపోతోంది.

'హ్యాడ్' ఎందుకో ఇంకా తేలిగ్గా తెలియాలంటే రైల్వే స్టేషనుకు వెళ్దాం. 'వెన్ వీ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్' అంటే మేం చేరేసరికే రైలు వెళ్లిపోయింది. మాకు రైలు అందలేదు. 'వెన్ వీ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ లెఫ్ట్' అంటే మేం చేరగానే రైలు బయలుదేరింది. తెలుగు ఈ తేడాను 'చేరేసరికే', 'చేరగానే' అనే మాటల్లో చూపిస్తే, ఇంగ్లీషు క్రియలో చూపిస్తుంది. నాలుగో వాక్యంలో 'హ్యాడ్ ప్యాక్డ్' ఎందుకు వచ్చిందో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఇక 'ఫర్', 'సిన్స్'. తెలుగులో '2022 నుంచి' అంటాం, 'మూడేళ్ల నుంచి' అని కూడా అంటాం. రెండింటికీ ఒకే 'నుంచి'. హిందీలో కూడా రెండుచోట్లా 'సే' వస్తుంది. అందుకే 'సిన్స్ త్రీ ఇయర్స్' అని నోరు జారుతుంది. ఇంగ్లీషులో మొదలైన సమయం చెబితే 'సిన్స్ 2022'. ఎంతకాలమో చెబితే 'ఫర్ త్రీ ఇయర్స్'. క్యాలెండరులో వేలుపెట్టి చూపించగలిగితే 'సిన్స్', వేళ్లమీద లెక్కపెట్టాలంటే 'ఫర్' అని గుర్తుపెట్టుకోండి.

రోజూ నడక, ఇప్పుడు నడక

పదో వాక్యం చూడండి. తెలుగులో 'నడిచి వెళ్తున్నాను' అని ఉంది. ఇంగ్లీషులో 'ఐ వాక్ టు స్కూల్' అని ఉంది. తెలుగులో 'వెళ్తున్నాను' అంటే ఈ నిమిషాన దారిలో ఉన్నట్టూ కావచ్చు, ఈ మధ్య రోజూ చేసే పనీ కావచ్చు. ఇంగ్లీషు ఈ రెంటినీ వేరు చేస్తుంది. రోజూ చేసేది 'ఐ వాక్'. ఇప్పుడు దారిలో ఉంటే 'ఐ యామ్ వాకింగ్'.

ఈ చోట తెలుగు పిల్లల నోట తరచుగా వినిపించే మాట ఇంకొకటి ఉంది: 'బై వాక్'. బస్సులో వెళ్తే 'బై బస్', రైల్లో వెళ్తే 'బై ట్రైన్' కాబట్టి నడిచి వెళ్తే 'బై వాక్' అనుకుంటాం. లెక్క బాగానే ఉంది గాని, ఇంగ్లీషులో ఆ వాడుక లేదు. 'ఐ వాక్ టు స్కూల్' అంటే చాలు. లేదా 'ఆన్ ఫుట్' అనవచ్చు.

ఒక్క 'లో'కు ఎన్ని మాటలు!

జోధ్‌పూర్‌లో, కారులో, రైల్లో, జూన్‌లో. తెలుగులో అన్నింటికీ ఒక్క 'లో' చాలు. ఇంగ్లీషులో 'ఇన్ జోధ్‌పూర్', 'ఇన్ ద కార్', 'ఆన్ ద ట్రైన్', 'ఇన్ జూన్'. రైల్లో ఉన్నా 'ఆన్' ఏమిటని అనిపిస్తుంది. ఒక కొండగుర్తు ఉంది. లేచి అటూ ఇటూ నడవగలిగే వాహనానికి 'ఆన్' వాడతారు: బస్సు, రైలు, విమానం, ఓడ. ఎక్కి కూర్చోవడమే తప్ప నడిచే వీలులేని దానికి 'ఇన్': కారు, ఆటో, జీపు.

కాలానికి వస్తే గడియారం ముల్లుకు 'ఎట్', రోజుకు 'ఆన్', నెలకూ సంవత్సరానికీ 'ఇన్'. ఎట్ ఫైవ్ ఓ క్లాక్, ఆన్ మండే, ఇన్ జూన్. 'ఎట్ నైట్' మాత్రం అలాగే గుర్తుంచుకోవాలి.

మరొక తేడా. తెలుగులో 'లో', 'మీద', 'దగ్గర' పేరు తర్వాత వస్తాయి. ఇంగ్లీషులో పేరుకు ముందు వస్తాయి. గేటు దగ్గర, ఎట్ ద గేట్. వాక్యం మొత్తం కూడా అంతే. తెలుగులో క్రియ చివరన కూర్చుంటుంది. ఇంగ్లీషులో కర్త పక్కకు వచ్చి నిలబడుతుంది.

'నాకు' అన్నచోట 'ఐ'

'నాకు సైకిలు గుర్తుకొచ్చింది' అనే వాక్యం ఇంగ్లీషులో 'ఐ థాట్ ఆఫ్ ద సైకిల్' అయింది. తెలుగులో మన మనసుకు, ఒంటికి సంబంధించినవాటికి 'నాకు' వాడతాం. నాకు ఆకలేస్తోంది: ఐ యామ్ హంగ్రీ. నాకు తెలుసు: ఐ నో. నాకు జ్వరంగా ఉంది: ఐ హావ్ ఎ ఫీవర్. నాకు ఇద్దరు చెల్లెళ్లు: ఐ హావ్ టూ యంగర్ సిస్టర్స్. 'నాకు' కనిపించగానే 'టు మీ' అని రాయకండి. చాలాచోట్ల అది 'ఐ' అవుతుంది.

అలాగే 'మేం', 'మనం'. జోధ్‌పూర్‌లో మేం ఉన్నాం అంటే వింటున్న మీరు అందులో లేరు. మనం ఉన్నాం అంటే మీరూ ఉన్నారు. ఇంగ్లీషులో రెంటికీ 'వీ' ఒక్కటే. హిందీలో 'హమ్' కూడా అంతే. తమిళనాడులో చదివినవాళ్లకు 'నామ్', 'నాంగళ్' తెలిసే ఉంటాయి. మహారాష్ట్రలో ఉన్నవాళ్లు 'ఆపణ్', 'ఆమ్హీ' విని ఉంటారు. ఆ రెండు భాషల్లోనూ మనకున్న తేడానే ఉంది. ఇన్ని ఊళ్లు తిరిగిన మీకు ఇలాంటివి పట్టుకోవడం తేలిక. అది మీకున్న బలం.

ఏడో వాక్యంలో ఇంకో సంగతి ఉంది. 'సైకిలు ఇచ్చాను' వేరు, 'ఇచ్చేశాను' వేరు. ఇక అది నాది కాదు అనే భావం రెండో మాటలో ఉంది. 'ఐ గేవ్ హిమ్ ద సైకిల్' అనే వాక్యంలో అది పూర్తిగా రాలేదు. ఇంగ్లీషు సులువుగా చెప్పేవి కొన్ని ఉంటే, తెలుగు సులువుగా చెప్పేవి కొన్ని ఉన్నాయి.

చేసినవాళ్లు కనిపించనప్పుడు

ప్యాసివ్ వాయిస్ అంటే చాలామందికి భయం. తెలుగులో 'చేయబడెను' అనే రూపం ఉన్నా ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. కానీ మనం మరో పద్ధతిలో అదే పని చేస్తాం. 'నాన్నను విశాఖపట్నానికి బదిలీ చేశారు' అంటాం. ఎవరు చేశారు? చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడా. ఇలా చేసినవాళ్ల పేరు లేకుండా 'చేశారు' అన్నచోట ఇంగ్లీషు ప్యాసివ్ వాయిస్ వాడుతుంది: మై ఫాదర్ వాజ్ ట్రాన్స్‌ఫర్డ్ టు విశాఖపట్నం. సామాను లారీలోకి ఎక్కించారు: అవర్ థింగ్స్ వర్ లోడెడ్ ఇంటు ద ట్రక్. పరీక్ష వాయిదా వేశారు: ది ఎగ్జామ్ వాజ్ పోస్ట్‌పోన్డ్. ఇలాంటివి మీ రోజులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

పొడవైన వాక్యం చదవడం ఎలా?

ఇంతవరకు రాయడం గురించి చెప్పాం. చదివేటప్పుడు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. ఆరో వాక్యం చూడండి. 'ద బాయ్ హూ లివ్డ్ నెక్స్ట్ డోర్ వాజ్ స్టాండింగ్ ఎట్ ద గేట్.' ఇందులో 'లివ్డ్', 'వాజ్ స్టాండింగ్' అని రెండు క్రియలున్నాయి. పొడవైన వాక్యంలో చాలామంది ఇక్కడే దారి తప్పుతారు.

తెలుగులో ఏమన్నాం? 'పక్కింట్లో ఉండే అబ్బాయి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.' అబ్బాయి గురించిన వివరం తెలుగులో అబ్బాయికి ముందు వచ్చింది. ఇంగ్లీషులో 'హూ'తో మొదలై అబ్బాయి తర్వాత వచ్చింది. కాబట్టి చదువుతూ 'హూ', 'విచ్', 'దట్' కనిపిస్తే అక్కడ ఒక పెన్సిలు గీత పెట్టండి. అక్కడినుంచి మొదలైన వివరం ఎక్కడ ముగుస్తుందో చూసి, దాన్నంతా ఎత్తి ముందున్న పేరుకు ముందు పెట్టి తెలుగులో అనుకోండి. మిగిలిన క్రియే వాక్యానికి అసలు క్రియ. 'ద లడ్డూస్ దట్ అమ్మమ్మ మేడ్ ఆర్ ఫినిష్డ్' అంటే అమ్మమ్మ చేసిన లడ్డూలు అయిపోయాయి. పాఠ్యపుస్తకంలో మూడు లైన్ల వాక్యం వచ్చినా ఇలాగే విప్పవచ్చు.

ఒకరి మాట మరొకరు చెప్పడం

ఎనిమిదో వాక్యంలో ఆ అబ్బాయి మాటను కోట్స్‌లో ఉంచాం. తెలుగు కథలో మాత్రం 'జాగ్రత్తగా చూసుకుంటానన్నాడు' అన్నాం. 'చూసుకుంటాను' అని వాడు అన్న క్రియ అలాగే ఉంది. తెలుగులో 'అని' అనే మాట ఎవరి మాటనైనా ఉన్నదున్నట్టు మోసుకొస్తుంది. ఇంగ్లీషులో చెప్పే మనిషి మారితే మాట కూడా మారాలి: హీ సెడ్ దట్ హీ వుడ్ టేక్ కేర్ ఆఫ్ ఇట్. 'ఐ' పోయి 'హీ' వచ్చింది, 'విల్' పోయి 'వుడ్' వచ్చింది.

దీనికి మంచి అభ్యాసం ఫోను. ఆదివారం ఊరినుంచి నాయనమ్మో అమ్మమ్మో ఫోన్ చేస్తారు. వాళ్లన్న మూడు మాటలు తెలుగులో రాసుకోండి. "పండక్కి వస్తారా?" అని అడిగితే, 'షీ ఆస్క్డ్ ఇఫ్ వీ వుడ్ కమ్ ఫర్ ద ఫెస్టివల్.' "బాగా చదువుకో" అంటే, 'షీ టోల్డ్ మీ టు స్టడీ వెల్.' అడిగితే 'ఆస్క్డ్', చెయ్యమని చెబితే 'టోల్డ్'. రిపోర్టెడ్ స్పీచ్ పాఠంలో సగం ఆ ఒక్క ఫోనులోనే వచ్చేస్తుంది.

రెండు పేజీల నోటుబుక్కు

ఇప్పుడు మీ పని. ఒక నోటుబుక్కు తీసుకోండి. వారానికి ఒక కథ. ఎడమ పేజీలో తెలుగులో పది వాక్యాలు, కుడి పేజీలో అవే ఇంగ్లీషులో. కథ మీకు నిజంగా జరిగిందే కావాలి. కొత్త బడిలో మొదటి రోజు మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నారు? కొత్త ఊళ్లో కూరలబ్బాయి భాష తెలియక అమ్మ బెండకాయలు ఎలా అడిగింది? నాన్న డ్యూటీలో దూరంగా ఉన్నప్పుడు మీ పుట్టినరోజు ఎలా గడిచింది? నిజంగా జరిగినదానికి మాటలు వెతుక్కునేటప్పుడు ఆ మాటలు మరిచిపోం.

ఇంగ్లీషు పేజీ అయ్యాక ఒక్క నియమం మీద మాత్రమే పెన్సిలు పెట్టండి. ఒక వారం 'ఎ', 'ద' మాత్రమే చూడండి. మరో వారం క్రియలు మాత్రమే. అన్నీ ఒకేసారి దిద్దబోతే విసుగొస్తుంది. తెలియనిచోట ఖాళీ వదిలి, మీ ఇంగ్లీషు టీచరును అడగండి. 'నాకు గ్రామర్ రాదు' అని నిలబడేకంటే 'ఇక్కడ హావ్ రావాలా, హ్యాడ్ రావాలా?' అని అడగడం తేలిక. టీచరుకూ జవాబు చెప్పడం తేలిక. పరీక్షలు, సెలవులు తీసేసినా ఏడాదికి నలభై కథలు అవుతాయి. బదిలీ వచ్చినప్పుడు టీసీతో, మార్కుల కార్డుతో పాటు ఆ పుస్తకం కూడా మీ సంచిలో ఉంటుంది. కొత్త బడిలో టీచరు నాలుగు పేజీలు తిరగేస్తే మీకు ఏం వచ్చు, ఏ పాఠం అందలేదు అన్నది తెలిసిపోతుంది.

మీ కథలతో పాటు ఇతరుల కథలూ చదవండి. ఒకే కథను రెండు భాషల్లో చదివితే ఇంకా మంచిది. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలను అనేక భారతీయ భాషల్లో వేస్తోంది. మీ బడి లైబ్రరీలో అడగండి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో ఒకే బొమ్మల కథ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉచితంగా దొరుకుతుంది. 1947లో మొదలైన చందమామ తర్వాత ఇంగ్లీషులో కూడా వచ్చింది. ఇప్పుడు అది వెలువడటం లేదు గాని, తాతయ్యల ఇళ్లలో పాత సంచికలు ఉంటే వదలకండి.

చివరగా ఎడమ పేజీ గురించి ఒక మాట. చాలా ఊళ్లలో మీ బడిలో తెలుగు పీరియడ్ ఉండదు. వీధిలో తెలుగు వినిపించదు. ఇంగ్లీషు బాగా రావాలంటే తెలుగు తగ్గించాలని కొందరు పెద్దలు కూడా అనుకుంటారు. ఈ పాఠమంతా చూశారు కదా, 'ఒక', 'ఆ', 'చేరేసరికే', 'బదిలీ చేశారు' అనే తెలుగు మాటలు లేకుండా ఏ ఇంగ్లీషు నియమమూ ఇంత తేలిగ్గా విడిపోయేది కాదు. కాబట్టి కుడి పేజీ నిండాలంటే ఎడమ పేజీ ముందు నిండాలి. తెలుగు రాయడం అలవాటు తప్పినవాళ్లు అమ్మతోనో నాన్నతోనో కూర్చుని రాయండి. అక్షరాలు వంకరగా వచ్చినా ఫరవాలేదు.

ఈ ఆదివారం మొదటి కథ రాయండి. మొదటి వాక్యం కావాలంటే మేమిస్తాం: "మా కొత్త క్వార్టర్ తలుపు తీయగానే..." తర్వాతి తొమ్మిదీ మీవి.